రంగస్థలమున రాజకీయవాదము: డాంటను విచారణ

చరిత్రలో జరిగిన యుద్ధమును నాటకముగా వ్రాయుట సులభము. జరిగిన వాదమును నాటకముగా వ్రాయుట కష్టము. యుద్ధమునకు తెఱవెనుక భేరీధ్వని చాలును. దూత యొకఁడు వచ్చి చెప్పినను చాలును. వాదమునకు అట్టి యుపాయము లేదు. ఇరుపక్షముల మాటలును ప్రేక్షకుల చెవినిఁ బడవలయును, రెండింటియందును బలముండవలయును. అంతియకాక, ఎవరు గెలిచిరో, ఎవరు శిరస్సును కోలుపోయిరో ప్రేక్షకులకు ముందే తెలియును. ఫలితము తెలిసిన వాదమును వినుటకు జనులను కూర్చుండఁబెట్టు శక్తి నాటకకర్తకు ఎచ్చటనుండి రావలయును?

మన ప్రాచీనులలో విశాఖదత్తుఁడు ఈ కష్టమును బాగుగ నెఱిఁగినవాఁడు. ముద్రారాక్షసమున చాణక్యుఁడు గెలుచునని మొదటి యంకమునుండియు మనకు తోఁచుచునే యుండును. ఐనను ఓడిపోవుచున్న రాక్షసామాత్యునియందు మన గౌరవము అంకాంకమునకును పెరుగును. ఓడినవాని యోగ్యతను తగ్గింపకుండుటయే ఆ నాటకమునకు ప్రాణము. కాని విశాఖదత్తునకు ఒక స్వాతంత్ర్యము కలదు. ఆ మంత్రులాడిన మాటలను వెంటవెంటనే వ్రాసి నిలిపిన లేఖకులు లేరు. కావున కవి తన బుద్ధి కొలఁది పలికింపవచ్చును. అచ్చుపడి నిలిచిన వాదమును రంగమెక్కించువానికి ఆ స్వేచ్ఛ లేదు. వాని ప్రక్కన చరిత్రకారుఁడు పుస్తకము తెఱచి కూర్చుండియే యుండును. ఇట్టి ప్రయత్నములలో ఫ్రెంచి విప్లవమునందలి డాంటను విచారణను వస్తువుగా గొన్నవి మిక్కిలి విచారింపఁదగినవి. ఒకే వాదమును ఒక జర్మను యువకుఁడును, ఒక పోలిషు యువతియు, ఒక పోలిషు దర్శకుఁడును మూఁడు విధములుగా చూపిరి. ఆ భేదములను ఈ వ్యాసమున పరిశీలింతము.

మొదట జరిగిన కథ. 1793-94 సంవత్సరములలో ఫ్రాన్సు దేశము బయట శత్రురాజులతోడను, లోపల తిరుగుబాటులతోడను పోరాడుచుండెను. ప్రభుత్వము కన్వెన్షను అను జాతీయసభ పేరనున్నను, నిజమైన యధికారము ప్రజారక్షణ సంఘము చేతిలో నుండెను. రోబెస్పియరును, సేంట్‌జస్టును అందు ప్రముఖులు. విప్లవశత్రువులను శీఘ్రముగా శిక్షించుటకై విప్లవ న్యాయస్థానమును 1793 మార్చిలో స్థాపింపఁజేసినవారిలో డాంటను ముఖ్యుఁడు. ఆ యేఁటి చివరకు ఆతఁడే, ఇఁక రక్తపాతము చాలునను పక్షమునకు నాయకుఁడయ్యెను. ఆతని మిత్రుఁడు కమిల్ దెమూలెను 1793 డిసెంబరులో నొక పత్రికను ప్రారంభించి, కారుణ్యము చూపవలసినదని వ్రాయఁజొచ్చెను. ఈ దెమూలెను రోబెస్పియరునకు బాల్యమున సహాధ్యాయి; 1790 లో జరిగిన ఆతని వివాహమునకు రోబెస్పియరు సాక్షిగా నుండెను. కథలోని దారుణత్వము ఇచ్చటనే యున్నది: వాదించినవారు అన్యులు కారు, ఒకే యింటివారివంటివారు.

1794 మార్చి 31 వ తేది తెల్లవాఱకమున్నే డాంటను, దెమూలెను మొదలైనవారు చెఱఁబట్టఁబడిరి. ఆ దినముననే సభలో లెజాండ్రు అనువాఁడు లేచి, డాంటనును సభకు రప్పించి యాతని మాటను వినవలసినదని కోరెను. ఈ కోరిక నెగ్గినయెడల చరిత్ర యేమయ్యెడిదో! రోబెస్పియరు లేచి చెప్పిన ప్రత్యుత్తరము చిన్నది కాదు, తేలికయైనదియు కాదు. ఇంతకుముందు చెఱఁబట్టఁబడినవారికి లేని గౌరవము డాంటనునకేల? చట్టమునెదుట పేరుగలవాఁడు వేఱు, పేరులేనివాఁడు వేఱునా? విప్లవము విశేషాధికారములను రూపుమాపుటకు పుట్టినదికదా, విగ్రహములను నిలుపుటకా? అని యాతని వాదసారము. సమానత్వమను గొప్ప ధర్మమునే ఆతఁడు ఆయుధముగా పట్టెను. లెజాండ్రు తన కోరికను విడిచిపెట్టెను. పిమ్మట సేంట్‌జస్టు అభియోగపత్రమును చదువఁగా సభ యొక్క కంఠముతో నంగీకరించెను. మన సభాపర్వమున ద్రౌపది యడిగిన ప్రశ్నకు పెద్దలు మౌనము వహించినపుడు వికర్ణుఁడొక్కఁడైనను తన మాటమీఁద నిలిచెను. పారిసు సభలోని వికర్ణుఁడు ఆ పాటియు నిలువలేదు.

విచారణము ఏప్రిలు 2 వ తేదిని ప్రారంభమయ్యెను. డాంటను కంఠము మేఘగర్జనమువంటిది. ఆతఁడు తన సాక్షులను పిలిపింపుఁడని పట్టుపట్టెను. ప్రేక్షకులు చలించుట చూచి ప్రభుత్వపక్షపు వాదకుఁడు ఫూక్యే-తెంవిల్లు దిక్కుతోఁచక ప్రజారక్షణ సంఘమునకు లేఖ వ్రాసెను. ఏప్రిలు 4 వ తేదిని సేంట్‌జస్టు జాతీయసభకుఁ బోయి నేరస్థులు న్యాయస్థానముపై తిరుగఁబడుచున్నారని చెప్పెనే కాని, వారు కోరినది సాక్షులను మాత్రమేయని తెలుపు ఆ లేఖను చదువలేదు. చెఱసాలలో కుట్ర జరుగుచున్నదను వార్తను దానికి జతపఱచెను. న్యాయస్థానమును అవమానించు నేరస్థుని వాదమునుండి తొలఁగింపవచ్చునని సభ తీర్మానించెను. ఆ తీర్మానముతో డాంటను నోరు మూయఁబడెను. 5 వ తేదిని శిరచ్ఛేదము జరిగెను. నాలుగు నెలలు తిరుగకమున్నే, జూలై 28 వ తేదిని, రోబెస్పియరును అదే యంత్రమునకు ఎర యయ్యెను.

ఈ కథకు మిగిలిన యాధారముల తీరును గమనింపవలయును. రోబెస్పియరు ప్రసంగములును, సేంట్‌జస్టు అభియోగపత్రమును నిండుగ నచ్చుపడినవి. న్యాయస్థానమున డాంటను చెప్పినదో, ప్రభుత్వమువారి ప్రకటనపత్రమున కుదించి వేయఁబడినది. జ్యూరీలో నొకఁడైన చిత్రకారుఁడు తోపినో-లెబ్రను వ్రాసికొన్న తునుకమాటలు కొన్ని దొరకినవి. ఒక వాక్యము పూర్తి కాకుండనే మఱియొకటి వచ్చుచుండును. అనఁగా, గెలిచినవారి వాదము గ్రంథమై నిలిచినది. ఓడినవారి వాదము ముక్కలై మిగిలినది. ఉన్నదున్నట్లు రంగమెక్కించిన యెడల ఒక పక్షము ఉపన్యసించును, మఱియొక పక్షము నసుగును. లేనిదానిని కల్పించి పూరించిన యెడల కవి యొక పక్షమునకు వకీలగును. చారిత్రక వాదమును నాటకముగా చేయువాని యిరుకంతయు ఇదియే.

ఈ యిరుకున మొదట దిగినవాఁడు గేఓర్గ్ బ్యూక్నరు. ఆతఁడు 1813 లో హెస్సె రాజ్యమున వైద్యుని యింట పుట్టెను. స్ట్రాస్‌బుర్గునందును, గీసెనునందును వైద్యము చదివెను. 1834 లో వైడిగు అను మతాచార్యునితోఁ గలసి, రైతులు కట్టు పన్నుల లెక్కలను చూపి రాజుల దుబారాను ఖండించు కరపత్రమును రహస్యముగా వెలువరించెను. సహచరుఁడొకఁడు ఆ పత్రములతో పట్టుపడెను. విచారణము తన మీఁదికి వచ్చుచుండఁగా, 1835 సంవత్సరారంభమున, డార్మ్‌స్టాటులో తండ్రి యింట, శరీరశాస్త్ర గ్రంథముల చాటున, కొలఁది వారములలో “డాంటను మరణము” అను నాలుగంకముల నాటకమును వ్రాసెను. అప్పటికి ఆతని వయస్సు ఇరువదియొక్క యేండ్లు. ఫిబ్రవరిలో వ్రాఁతప్రతిని గుట్స్కో అను సాహిత్యవేత్తకు పంపి, మార్చిలో సరిహద్దు దాఁటి స్ట్రాస్‌బుర్గునకు పాఱిపోయెను. 1837 ఫిబ్రవరి 19 వ తేదిని త్స్యూరికులో జ్వరముచే మరణించెను. వైడిగు ఆ నెలలోనే చెఱసాలలో ప్రాణము విడిచెను. కావున విప్లవము తన బిడ్డలనే మ్రింగిన కథను వ్రాసినవాఁడు విప్లవద్వేషి కాఁడు, విప్లవమునకై ప్రాణమొడ్డినవాఁడు. ఈ సంగతిని మఱచి యా నాటకమును చదువరాదు.

బ్యూక్నరు పద్ధతి విచిత్రమైనది. త్యేరు, మిన్యే అను ఫ్రెంచి చరిత్రకారుల గ్రంథములను, జర్మనుభాషలోని యొక చరిత్ర సంకలనమును ముందుంచుకొని, వానిలోని ప్రసంగములను పలుచోట్ల యథాతథముగా నాటకములో చేర్చెను. నాటకమున ఇంచుమించు ఆఱవవంతు ఇట్లు ఆధారములనుండి వచ్చినదే యని పండితులు లెక్కించిరి. నాటకకర్త చరిత్రకారునివంటివాఁడే, జరిగినదానికి సాధ్యమైనంత దగ్గఱగా పోవుటయే యాతని పని యని యాతఁడు ఇంటికి వ్రాసిన లేఖలో వాదించెను. కాని యెక్కడ మార్చెనో చూచిననే యాతని యంతరంగము తెలియును.

రోబెస్పియరు 1794 ఫిబ్రవరి 5 వ తేదిని జాతీయసభలో సద్గుణమును గూర్చియు, భీతిపాలనమును గూర్చియు చేసిన ప్రసంగపు మాటలను బ్యూక్నరు జాకొబిను సంఘమునకు తరలించెను. స్థలము మాఱినది; మాట మాఱలేదు. లెజాండ్రునకు రోబెస్పియరు చెప్పిన ప్రత్యుత్తరమును గూడ చాలవఱకు నున్నదున్నట్లు నిలిపెను. శత్రుపక్షపువాని మాటను తానై వ్రాయక యాతని నోటనే చెప్పించుట గొప్ప సంయమము. సేంట్‌జస్టు సభలో చేయు ప్రసంగమో, చాలవఱకు కవికల్పితమే. ప్రకృతి వఱదలచేతను, అగ్నిపర్వతములచేతను ప్రాణులను చంపునపుడు లెక్క చూడదు, చరిత్ర మాత్రమేల చూడవలయునని యచ్చట వాదము నడచును. ఇది కల్పితమైనను హాస్యాస్పదము కాదు. వినువాఁడు ఒక్క క్షణము ఔననుకొని, మఱుక్షణము తన యంగీకారమునకు తానే జంకును. ప్రేక్షకునిచే నట్లు తలయూపించి, పిమ్మట సిగ్గుపడఁజేయుటయే వాదనాటకమునకు పరమప్రయోజనము.

వ్రాఁత లేనిచోట బ్యూక్నరు ధైర్యముగా కల్పించెను. డాంటనును, రోబెస్పియరును రహస్యముగా కలసికొనిరనుట చరిత్ర. వారేమి మాటలాడికొనిరో నిండుగ తెలియదు. ఆ సంభాషణమును మొదటి యంకము చివర నుంచి, అది ముగిసిన పిదప రోబెస్పియరును ఒంటరిగా కూర్చుండఁబెట్టి, ఆతని మనస్సులోని సందేహమును పైకి తెచ్చెను. స్త్రీపాత్రల విషయమున స్వేచ్ఛ యింకను హెచ్చు. డాంటను భార్య లూయీసు నిజముగ భర్త మరణానంతరము బ్రదికి, మఱల వివాహమాడెను. నాటకములో ఆమె జూలీయను పేర విషము త్రావి భర్తను ముందుగ చేరును. దెమూలెను భార్య లూసీలు చెఱసాలకుట్రలో పాల్గొన్నదను నేరముపై 1794 ఏప్రిలు 13 వ తేదిని చంపఁబడెను. నాటకములో ఆమె శిరచ్ఛేదయంత్రము మెట్లపై కూర్చుండి రాజునకు జయము పలికి, తన చావును తానే కొని తెచ్చికొనును. పురుషుల వాదములన్నియు ముగిసిన పిదప వినఁబడు ఆ కేక వాదము కాదు. వాదములకు లొంగని దుఃఖము. చరిత్రకారుఁడు దీనిని తప్పనును. చదువరి దీనిని మఱవలేఁడు.

ఆంధ్ర పాఠకులకు మిక్కిలి రుచింపఁదగిన సంగతి యొకటి ఈ నాటకపు భాషలో కలదు. వేదము వేంకటరాయశాస్త్రిగారు 1897 నాఁటి ప్రతాపరుద్రీయమున రాజమంత్రులకు నొక భాషను, చాకలి పేరిగాని వంటివారికి వారి వాడుకభాషను ఇచ్చి, పాత్రోచితభాషావాదమునకు కారకులైరి. ఆఱు దశాబ్దములకు పూర్వమే బ్యూక్నరు ఇట్టి భేదమునే మఱియొక ప్రయోజనమునకు వాడెను. ఆతని నాయకులు రోమను వీరుల పేరులెత్తి గంభీరముగా మాటలాడుదురు. వీథిలోని జనులు మోటుగా, ఆఁకలి గూర్చి, రొట్టె గూర్చి మాటలాడుదురు. వీరి నడుమ సీమోననువాఁడు, నాటకశాలలో నటులకు మాటలందించుట వృత్తిగాఁ గలవాఁడు, త్రాగి భార్యను కొట్టుచు రోమను వీరునివలె ప్రసంగించును! సభలోని గంభీరోపన్యాసములలో నెంత నటన యున్నదో ఈ యొక్క పాత్ర తెలుపును. తలలు తెగుచున్నవి గాని కడుపు నిండుటలేదను వీథిజనుల మాట నాయకుల వాదమంతటికిని క్రిందుగ నొక శ్రుతివలె మ్రోఁగుచుండును. వేదమువారు భాషాభేదముచే పాత్రలకు సహజత్వమును తెచ్చిరి. బ్యూక్నరు భాషాభేదముచే వాదమునకే పరీక్ష పెట్టెను.

ఇట్టి నాటకము అచ్చునకు 1835 లోనే కత్తిరింపులతో వచ్చినను, రంగమెక్కుటకు 67 ఏండ్లు పట్టెను. 1902 జనవరిలో బెర్లినులో శ్రామికులకై యేర్పడిన ప్రజానాటక సంఘమువారు తొలిసారి ప్రదర్శించిరి. 1916 లో మాక్సు రైన్‌హార్టు అదే నగరమున ప్రదర్శించినపుడు, చీఁకటిలో వెలుఁగును ఒక్కొక్క మూలకు మాత్రమే పఱపి, జనసమ్మర్దమును కంటికి కట్టించెను. వాదమును రంగమున నిలుపుటకు జనసమూహ మావశ్యకమని ఆ ప్రదర్శనము చూపెను. సభలో వాదించువాఁడు ఎదుటివానితో మాత్రమే కాక వినుచున్నవారితోను మాటలాడును గదా! కాని దీనియందొక యపాయమును కలదు. సమూహపు ఘోష మితిమీఱిన యెడల మాట మునుఁగును; మాట మునిఁగిన యెడల వాదము పోయి సంతయే మిగులును.

తరువాతి కథకు చరిత్రకారుల కలహమే మూలము. సొర్‌బొన్ను విద్యాపీఠమున ఫ్రెంచి విప్లవచరిత్రకు తొలి యాచార్యుఁడైన ఓలారు డాంటనును దేశభక్తునిగా సమర్థించెను. ఆతని శిష్యుఁడే యైన ఆల్బేరు మతీయెజు గురువుపై తిరుగఁబడి, 1907 లో రోబెస్పియరు పరిశోధనకై యొక సంఘమును స్థాపించి, డాంటను లంచగొండియని లెక్కలు తీసి చూపఁజొచ్చెను. ఈ మతీయెజు గ్రంథములను వ్రతమువలె చదివినది స్తనిస్లావా ప్షిబిషెఫ్‌స్కా అను పోలిషు యువతి. 1901 లో పుట్టిన ఈమె దాన్‌త్సిగు నగరమున దుర్భరదారిద్ర్యమున నొంటిగ నివసించుచు, 1929 నాఁటికి “డాంటను వ్యవహారము” అను మిక్కిలి దీర్ఘమైన నాటకమును ముగించెను. ఇందు త్రాసు మఱియొకవైపు మొగ్గినది. డాంటను జనులను మాటలతో కొనువాఁడు; రోబెస్పియరు విప్లవముయొక్క మేధస్సు. ఐనను ఆమె తన నాయకునకు సుఖమైన గెలుపు నీయలేదు. డాంటనును చంపిన యెడల విప్లవము పతనమగునని రోబెస్పియరునకే ముందు తెలియును. చంపక విడిచినను పతనమే. గెలిచినవాఁడు ఓటమిని చూచుచు నిలుచుటతో కథ ముగియును. నాటకము 1931 లో ల్వూఫు నగరమునను, 1933 లో వార్సానగరమునను కుదింపులతో ప్రదర్శింపఁబడినది. ఆమె 1935 లో, ముప్పదినాలుగు నిండకమున్నే, మరణించెను.

ఇఁక మూఁడవ మలుపు. ఆంజే వైదా అను దర్శకుఁడు 1975 లో వార్సాలో ఈ నాటకమును ప్రదర్శించెను. పోలండులో 1981 డిసెంబరున సైనికశాసనము విధింపఁబడి, కార్మికుల స్వతంత్రసంఘము అణఁపఁబడిన పిదప, ఆతఁడే ఫ్రాన్సుకుఁ బోయి అదే నాటకము నాధారముగా గొని 1983 లో “డాంటను” అను చలనచిత్రమును వెలువరించెను. చిత్రకథను వ్రాసినవాఁడు జాన్-క్లోదు కారియేరు. 1985 లో పీటరు బ్రూకు ప్రదర్శించిన మహాభారత నాటకమును వ్రాసినవాఁడును ఈతఁడే. రోబెస్పియరును కొనియాడుటకు వ్రాయఁబడిన గ్రంథము ఇచ్చట డాంటనువైపు తిరిగెను. ఫ్రెంచి నటుఁడు దెపార్ద్యూ డాంటనుగా నిండుప్రాణముతో నవ్వును, గర్జించును. పోలిషు నటుఁడు ప్షోన్యాకు రోబెస్పియరుగా జ్వరపీడితుఁడై, బిగిసిన పెదవులతో నుండును. ఆతఁడే 1975 లోను ఆ పాత్రను ధరించెను. దెమూలెను ముద్రణాలయమును ధ్వంసము చేయుట చూచినపుడు పోలండు ప్రేక్షకుఁడు తన నగరమునే చూచెను. ఫ్రాన్సులో పలువురు, ముఖ్యముగ విప్లవమును తమ వారసత్వముగా నెంచువారు, ఇది తమ చరిత్ర కాదని కోపగించిరి. నటుల యెంపికయు, కొన్ని కత్తిరింపులును, కాలమును చాలును. వాదమునందలి తీర్పు తాఱుమాఱగును.

ఈ మూఁటిని సరిపోల్చిన పిదప మనకు తేలు సిద్ధాంత మేమి? కవి మనస్సున పక్షపాతము లేకుండ నుండవలయుననుట కుదరదు. బ్యూక్నరునకు డాంటనుపై జాలి. ప్షిబిషెఫ్‌స్కాకు రోబెస్పియరుపై భక్తి. వైదాకు తన దేశపు గాయము. ఐనను మూఁటికిని ఒకే కొలబద్ద పెట్టవచ్చును: కవికి ఇష్టములేని పక్షమువాఁడు లేచి మాటలాడునపుడు ప్రేక్షకుఁడు క్షణకాలమైనను ఆతనిని నమ్మునా? బ్యూక్నరు ఈ పరీక్షలో మొదటివాఁడు. ఏలయన తనకు ప్రతికూలుని మాటను తానై చెక్కక, ఆతని ప్రసంగమునుండియే తెచ్చెను. ప్షిబిషెఫ్‌స్కా తనకు ప్రియమైనవానినే సంశయములో ముంచి ఈ పరీక్షకు నిలిచినది. వైదా చిత్రమున రోబెస్పియరు మాటకంటె రోగమే ఎక్కువగ కనఁబడును. కావున అది గొప్ప చిత్రమే యైనను, వాదముగ కొంత తేలినది.

మన దేశమునను ఈ ప్రశ్న దూరపుది కాదు. 1876 లో నాటకప్రదర్శన శాసనము వచ్చిన పిదప, రాజకీయవాదమును బహిరంగముగ రంగమెక్కించుట ప్రమాదకరమయ్యెను. ఖాడిల్కరు మహారాష్ట్రభాషలో వ్రాసిన కీచకవధ నాటకము పురాణకథయే యైనను 1910 లో నిషేధింపఁబడెను. పురాణముల చాటున పలుకుట మనవారికి అప్పుడు గత్యంతరము లేని నేర్పు. కాని చాటుమాటలో ప్రతిపక్షమువాఁడు కీచకుఁడే యగును. కీచకునకు వాదముండదు, వధ మాత్రమే యుండును. రాజకీయములలో మనకు ఎదురైనవారందఱును కీచకులు కారు. పెక్కురు రాక్షసామాత్యులు, కొందఱు మన బాల్యమిత్రులు. కనుక మన సభలలో నడచిన గొప్ప వాదములను రంగమెక్కింపఁ బూనువారు ఇరుపక్షముల వ్రాఁతలను ముందుంచుకొని పని చేయుట మంచిది.

1794 ఏప్రిలు 4 వ తేదిని పారిసు సభ చేసిన తప్పు డాంటనును దోషియని తలఁచుట కాదు. ఆతఁడు దోషియో కాఁడో చరిత్రకారులు నేఁటికిని వాదించుచున్నారు. ఆతని మాట వినకుండనే తీర్పునకు వచ్చుట ఆ తప్పు. ఆ సభ చదువని లేఖను చదువుట చరిత్రకారుని పని; ఆ సభ వినని మాటను వినిపించుట నాటకకర్త పని. డాంటను నోరు మూసినందుకు రోబెస్పియరును నిందించు నాటకకర్త, తన నాటకములో రోబెస్పియరు నోరు మూసిన యెడల, ఆ సభలో తానును చేయెత్తినవాఁడే యగును.